ఊరికి బస్సు ఎన్నింటికి వస్తుందో చూసి పంట పెట్టండి

పైన వీడియోలో తోటకూర కట్టలతో నా బండి బురదలో దిగబడింది చూసి నవ్వుకునే ఉంటారు. నవ్వండి, పర్లేదు. మా ఊరి నుంచి మెయిన్ రోడ్డు దాకా ఉన్న ఆ మూడు కిలోమీటర్ల మట్టి దారే నా సేద్యం లెక్క మొత్తం మార్చింది.

2011 జనాభా లెక్కల్లో ప్రతి రెవెన్యూ గ్రామానికి ఒక వరస ఉంటుంది. జనం ఎంత, ఇళ్లెన్ని, సొంత సేద్యం చేసేవాళ్లెంత, కూలీలెంత, అన్నీ అందులోనే. ఊళ్లోకి బస్సు రాకపోతే, అది దొరికే చోటు 5 కిలోమీటర్ల లోపైతే ‘ఎ’, 5 నుంచి 10 అయితే ‘బి’, ఆ పైన ‘సి’ అని రాస్తారు. మాది ‘ఎ’. కాగితం మీద చూస్తే బస్సు దగ్గరే. వానాకాలం 20 కిలోల క్రేటు నెత్తిన పెట్టుకుని నడిస్తే గానీ ఆ ‘ఎ’ అంటే ఏమిటో తెలియదు.

రోడ్డు రావాలన్నా ఆ లెక్కలే ఆధారం. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదాన ప్రాంతంలో 500 జనాభా దాటిన ఆవాసానికి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 250 దాటిన ఆవాసానికి అర్హత. 2024లో ఆమోదం పొందిన నాలుగో దశకు కూడా 2011 లెక్కే. అంటే అప్పుడు 480 మంది ఉండి ఇప్పుడు 600 అయిన తండా బయటే ఉంటుంది. అప్పుడు 520 ఉండి, ఇప్పుడు సగం ఇళ్లకు తాళాలు పడిన ఊరు లోపల ఉంటుంది. ఇది నాకైతే సబబుగా అనిపించదు. కొత్త లెక్క 2027 మార్చి 1 నాటి జనాభాకు తీస్తారు. ఒక మాట గుర్తుంచుకోండి, ఇక్కడ చూసేది రెవెన్యూ గ్రామాన్ని కాదు, ఆవాసాన్ని. 500 మీటర్ల లోపు ఉన్న గూడేలను కలిపి లెక్కేయొచ్చు. పంచాయతీలో మీ ఆవాసాన్ని ఎలా చూపించారో ఒకసారి అడగండి.

ఇక పంట సంగతి. మొదటి ఏడాది పది గుంటల్లో పాలకూర, తోటకూర, గోంగూర వేశాను. డిప్లొమాలో విత్తనం, తెగులు, ఎరువు అన్నీ చెప్పారు గానీ బస్సు టైము చూసుకోమని ఎవరూ చెప్పలేదు. మా స్టేజీకి బస్సు ఏడుంపావుకి. రైతు బజారుకి చేరేసరికి బేరాలు సగం అయిపోతాయి. ట్రాలీ ఆటో మాట్లాడితే కిరాయి పోను చేతిలో మిగిలింది కూలీకే సరిపోలేదు. వాడిపోయిన ఆకుకూరని ప్రకృతి సేద్యంలో పండించిందంటే కొనేవాడెవరు?

ఇప్పుడు ఆకుకూర నా బండి మీద పట్టినంతే వేస్తున్నా. మిగతాది గుమ్మడి, చేమ, గట్ల మీద కంది. రెండు రోజులు దారి లేకపోయినా ఇవి ఆగుతాయి.

ఒక విషయంలో మాత్రం మనకు అదృష్టం ఉంది. 45 కిలోల యూరియా బస్తా రావాలంటే దారి కావాలి. ఎకరానికి 200 లీటర్ల జీవామృతానికి పది కిలోల పేడ, ఆవు మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి చాలు. అన్నీ ఊళ్లోనే దొరుకుతాయి. మనకు దారి కావాల్సింది పంట బయటికి పోవడానికే.

దొరకనిది మనుషులు. కలుపుమందు కొట్టం కాబట్టి మనకు చేతులు ఎక్కువ కావాలి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ఉచితం అయ్యాక, మా ఊళ్లో కలుపు తీసే ఇద్దరు అక్కలు మూడు కిలోమీటర్లు నడిచి బస్సెక్కి టౌన్లో షాపు పనికి పోతున్నారు. వాళ్లను తప్పు పట్టను, అక్కడ నెల జీతం వస్తుంది. నేనే వరసల మధ్య దూరం పెంచి సైకిల్ గుంటకతో తోలుకుంటున్నా. దాని సంగతి వచ్చే వీడియోలో చూపిస్తా.