శిక్షణ శిబిరపు జ్ఞాపక సంచిక

చరిత్ర అనగానే మనకు శాసనములు, కోటలు, ప్రభుత్వ దస్త్రములు స్ఫురించును. వీనిని సిద్ధపఱచినవారు తమ మాట పదికాలముల పాటు నిలువవలెనని కోరియే సిద్ధపఱచిరి. కాని లోకమున మఱియొక విధమగు ఆధారములును గలవు. అవి చరిత్ర కొఱకు పుట్టినవి కావు. ఏదో ముచ్చట తీర్చుకొనుటకై పుట్టి, కాలక్రమమున చరిత్రకారునకు పనికివచ్చినవి. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని సైనిక శిక్షణ శిబిరములందు వెలువడిన జ్ఞాపక సంచికలు ఈ రెండవ తెగకు చెందినవి.

ఆ దేశమున భూసైన్యమునందు గాని, నౌకాదళమునందు గాని, వైమానిక దళమునందు గాని క్రొత్తగా చేరినవాడు మొదట ఒక శిబిరమునకు పోయి ప్రాథమిక శిక్షణ పొందవలెను. దీనినే వాడుకలో ‘బూట్ క్యాంప్’ అందురు. అచ్చట వచ్చిన వెంటనే తల వెండ్రుకలు కుఱుచగా కత్తిరింతురు. టీకాలు వేయుదురు. తెల్లవాఱకముందే లేపి కవాతు చేయింతురు. తుపాకి పట్టుట, మంటలార్పుట, ఈదుట మున్నగునవి నేర్పుదురు. పొలము విడిచి వచ్చినవాడు, కర్మాగారము విడిచి వచ్చినవాడు, అప్పుడే పాఠశాల ముగించినవాడు – అందఱును ఒకే తీరు దుస్తులు ధరించి ఒకే పంక్తిని భుజింతురు. ఇట్లు కొన్ని వారములు గడచిన పిమ్మట శిక్షణ ముగియును. అంతట వారిని వేర్వేరు తావులకు పంపుదురు. ఒక కంపెనీగా కలిసి మెలిసి బ్రతికిన ఆ యువకులందఱు మరల ఒక్కచోట చేరుట అరుదు.

ఈ ఎడబాటునకు ముందు, కలిసి గడపిన దినములకు గుర్తుగా ఒక పుస్తకమును ముద్రించెడి ఏర్పాటు పెక్కు శిబిరములలో నుండెను. ఇది ప్రభుత్వము ఉచితముగా నిచ్చునది కాదు. కోరినవారు వెల యిచ్చి కొనుక్కొనెడివారు. పాఠశాలలలో ఏటేట వెలువడు సంచికలను పోలియుండుటచే దీనికి ‘ఇయర్ బుక్’ అను పేరు వచ్చినది. నిజమునకు ఇది ఏటికొక్కటి కాదు. ఒక్కొక్క కంపెనీ శిక్షణ ముగిసినప్పుడెల్ల ఒక్కొక్కటి వెలువడెడిది. షికాగో నగరమునకు ఉత్తరమున, మిచిగన్ సరస్సు తీరమున గ్రేట్ లేక్స్ నౌకాదళ శిక్షణ కేంద్రము 1911లో ప్రారంభమయ్యెను. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున సుమారు పది లక్షల మంది నావికులు ఇచ్చటనే తరిఫీదు పొందిరి. ఈ కేంద్రపు సంచికకు ‘ది కీల్’ అని పేరు. కీల్ అనగా ఓడ అడుగున వెన్నెముకవలె నుండు దూలము. కాలిఫోర్నియాలోని శాన్ డియాగో కేంద్రము తన సంచికకు ‘ది యాంకర్’, అనగా ‘లంగరు’ అని పేరు పెట్టుకొనెను. న్యూజెర్సీలోని ఫోర్ట్ డిక్స్, టెక్సాస్‌లోని ల్యాక్‌లాండ్ మున్నగు శిబిరములును ఇట్టి పుస్తకములను వెలువరించినవి.

ఈ సంచికలలో సాధారణముగా రెండు భాగములుండును. మొదటి భాగము శిబిరమున కంతకును ఉమ్మడి. శిబిర చరిత్ర, పై అధికారుల చిత్రములు, క్షౌరశాల, దుస్తుల పంపిణి, భోజనశాల, గుఱి కొట్టు మైదానము మున్నగు దృశ్యములు ఇందు కానవచ్చును. రెండవ భాగము ఒక కంపెనీకే ప్రత్యేకము. కంపెనీ సంఖ్య, శిక్షకుని పేరు, శిక్షణ ముగిసిన తేదీ, ఒక్కొక్క యువకుని ముఖచిత్రము, దాని క్రింద అతని పేరు ఇందుండును. కొన్నిటిలో అతని స్వస్థలమును వ్రాసియుందురు.

ముచ్చటకు కొనుక్కొనిన ఈ పుస్తకమునకు ఇంతటి విలువ ఎట్లు కలిగినది? దీనిని తెలిసికొనుటకు ఒక అగ్నిప్రమాదమును గూర్చి చెప్పవలెను.

మిస్సోరి రాష్ట్రమున సెయింట్ లూయీ నగర సమీపమున జాతీయ సిబ్బంది దస్త్రముల కేంద్ర ముండెను. సైన్యమున పనిచేసి విడుదలయైన వారి సేవా దస్త్రములు అచ్చట భద్రపఱచియుండిరి. 1973 జూలై 12వ తేదీన, అర్ధరాత్రి దాటిన కొంతసేపటికి, ఆ భవనపు పై అంతస్తున నిప్పంటుకొనెను. దస్త్రములుంచిన చోట మంటలపై నీరు చిమ్ము యంత్రములు లేవు. అగ్ని నాలుగు దినములకు గాని పూర్తిగా చల్లారలేదు. 1 కోటి 60 లక్షల నుండి 1 కోటి 80 లక్షల వఱకు దస్త్రములు నశించినవని అంచనా వేసిరి. 1912 నవంబరు 1 మొదలు 1960 జనవరి 1 వఱకు భూసైన్యము నుండి విడుదలయైన వారి దస్త్రములలో నూటికి 80 పాళ్లు బూడిదయయ్యెను. 1947 నుండి 1964 వఱకు వైమానిక దళమున విడుదలయైన వారిలో, అక్షరక్రమమున ‘హబ్బర్డ్’ అను పేరు తరువాత వచ్చువారి దస్త్రములలో నూటికి 75 పాళ్లు పోయెను. వీనికి నకళ్లు లేవు. అచ్చట ఏమేమి యుండెనో తెలుపు సూచికయైనను లేదు. కొంత కాలియు, నీట నానియు మిగిలిన సుమారు 65 లక్షల దస్త్రములను మాత్రము ఆరబెట్టి కాపాడగలిగిరి.

ఇది కాగితములకు మాత్రమే కలిగిన నష్టము కాదు. ఆ దేశమున మాజీ సైనికులకు వైద్యము, పెన్షను, మరణించిన పిమ్మట జాతీయ శ్మశానవాటికలో చోటు మున్నగు హక్కులు కొన్ని షరతులకు లోబడి కలవు. వీనిని పొందుటకు సైన్యమున పనిచేసినట్లు రుజువు కావలెను. దస్త్రము కాలిపోయినచో ఆ వృద్ధునకు రుజువు ఎక్కడిది? అట్టి సమయమున కేంద్రపు అధికారులు జీతపు పట్టీలు, ఆసుపత్రి లెక్కలు, దళములు ప్రతి దినము వ్రాసిన నివేదికలు మున్నగు ఇతర కాగితములను వెదకి, పోయిన దానిని తిరిగి కూర్చుటకు యత్నింతురు. కాని వెదకుట ఎచ్చట మొదలిడవలెనో తెలియవలెను గదా! ఆ మనిషి ఏ సంవత్సరమున, ఏ శిబిరమున, ఏ కంపెనీలో ఉండెనో తెలిసిననే గాని దారి దొరకదు. ఇంటి అటకపై పెట్టెలో పడియున్న జ్ఞాపక సంచిక ఈ మూడు ప్రశ్నలకును సమాధాన మీయగలదు. అంతియే కాదు, అందు అతనితో కలిసి శిక్షణ పొందినవారి పేర్లును గలవు. వారిలో ఒకడు జీవించియున్నచో ‘ఇతడు మాతో నుండెను’ అని వ్రాతపూర్వకముగా సాక్ష్య మీయవచ్చును. సహచరుల వాఙ్మూలములను, సేవాకాలపు ఛాయాచిత్రములను సహాయక ఆధారములుగా స్వీకరించు పద్ధతి అచ్చట కలదు.

ఇక చరిత్ర పరిశోధకునకు ఈ సంచికలు చేయు మేలును చూతము. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున అమెరికా సైన్యములో నల్లజాతివారికి వేరుగా శిక్షణ యిచ్చుచుండిరి. 1942లో గ్రేట్ లేక్స్ కేంద్రమున వారి కొఱకు ప్రత్యేకముగా ఒక శిబిరమును నెలకొల్పిరి. దానికి రాబర్ట్ స్మాల్స్ అను వీరుని పేరు పెట్టిరి. అతడు బానిసగా పుట్టి, 1862లో శత్రువుల ఓడను నడుపుకొని వచ్చి తనవారికి స్వాతంత్ర్యము సంపాదించినవాడు. అట్టివాని పేరు పెట్టియు, ఆ శిబిరమువారిని తక్కినవారితో కలియనీయకపోవుట విపరీతము! 1948 జూలై 26వ తేదీన అధ్యక్షుడు ట్రూమన్ సైన్యమున జాతిభేదము లేకుండ అందఱికి సమాన అవకాశము కల్పింపవలెనని ఉత్తరువు చేసెను. ఉత్తరువు ఒక దినమున వెలువడును. అది ఆచరణలోనికి వచ్చుటకు ఎంతకాలము పట్టెను? ఏ శిబిరమున ముందుగా, ఏ శిబిరమున ఆలస్యముగా వచ్చెను? ఆ కాలపు సంచికలను వరుసగా పెట్టి, కంపెనీ పుటలలోని ముఖములను చూచినచో ఈ ప్రశ్నలకు కొంత సమాధానము దొరకును. ఉత్తరువులోని మాటలు నిజముగా ఎంతవఱకు సాగెనో ఆ ముఖచిత్రములు చెప్పును.

కొన్ని సంచికలపై సంవత్సరము ముద్రించియుండదు. అప్పుడు పరిశోధకుడు చిత్రములోని చిన్న గుర్తులను గమనించును. అమెరికా పతాకమున ఎన్ని రాష్ట్రములో అన్ని నక్షత్రము లుండును. 1959 జూలై 4 వఱకు 48 నక్షత్రములు, ఆ దినము నుండి ఒక ఏడాది 49, 1960 జూలై 4 నుండి 50. కావున ఒక చిత్రమున 50 నక్షత్రముల పతాక మున్నచో ఆ పుస్తకము 1960 జూలైకి ముందటిది కాజాలదు. కాని 48 నక్షత్రము లున్నంత మాత్రమున అది 1959కి ముందటిదే యని నిశ్చయింపరాదు. ఏలయన, ఉమ్మడి భాగమునందలి పాత చిత్రములనే క్రొత్త సంచికలలోను వాడుట కలదు. ఒకే గుర్తు ఒక వైపు గట్టి రుజువై, మఱియొక వైపు బలహీనమగుట గమనింపుడు.

ఇట్టి జాగరూకత ప్రతి పుటయందును అవసరము. సంచికలో పేరు లేనంత మాత్రమున ఆ మనిషి సైన్యమున లేడని చెప్పరాదు. ఫొటో తీసిన దినమున అతడు జ్వరముతో ఆసుపత్రిలో నుండవచ్చును. శిక్షణ మధ్యలో వేఱొక కంపెనీకి మాఱియుండవచ్చును. అసలు ఆ కాలమున ఆ శిబిరమున సంచికయే వెలువడకపోవచ్చును. పేర్ల అచ్చులో తప్పులు దొరలుట సహజము. పేరు క్రింద నున్న ఊరు అతడు పుట్టిన ఊరో, చేరునాటికి నివసించిన ఊరో పరిశీలింపవలెను. అన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు. ఈ పుస్తకము శిక్షణ ముగిసిన దినముతో ఆగిపోవును. తరువాత అతడు ఏ ఓడ నెక్కెనో, ఏ యుద్ధమున పోరాడెనో, ఇంటికి తిరిగివచ్చెనో లేదో ఇది చెప్పజాలదు. ‘మా తాత ఈ పుస్తకమున నున్నాడు, కావున కొరియా యుద్ధమున పోరాడినాడు’ అని ఎవరైన అన్నచో, వారు ఆధారమును దాటి ఊహలోనికి పోయినారన్నమాట.

కావున తెలివిగల పరిశోధకుడు సంచికను గమ్యముగా గాక దారిగా భావించును. దానియందలి తేదీని, కంపెనీ సంఖ్యను వ్రాసికొనును. పిదప ఇంటిలోని విడుదల పత్రముతోను, స్వగ్రామపు పాత వార్తాపత్రికతోను, దళముల నివేదికలతోను సరిపోల్చును. రెండు మూడు సాక్ష్యము లేకీభవించినప్పుడే దానిని నిజమని వ్రాయును.

ఈ పుస్తకముల ప్రతులు చాలవఱకు కొనిన యువకుల ఇండ్లకే చేరినవి. గ్రంథాలయములకు చేరినవి తక్కువ. యజమాని గతించిన పిమ్మట, విలువ తెలియని వారసులు చిత్తుకాగితములతో కలిపి పాఱవేయుటయు కలదు. అందుచే నేడు కొన్ని గ్రంథాలయములు, ప్రదర్శనశాలలు, వంశచరిత్ర సంఘములు వీనిని సేకరించి, ప్రతి పుటకు నకలు తీసి, పేర్ల పట్టికలు కూర్చుచున్నవి.

బాలలారా! ఈ సంచికలకు విలువ తెచ్చినవి చిత్రములు మాత్రమే కావు. చిత్రము క్రింద నున్న పేరు, పుట పైనున్న తేదీ, కంపెనీ సంఖ్య – ఇవియే వానికి ప్రాణము. మీ తరగతివారందఱు కలిసి తీయించుకొను ఛాయాచిత్రము వెనుక ఎవరెవరు ఏ వరుసలో నున్నారో, ఏ ఊరో, ఏ సంవత్సరమో వ్రాయుటకు పది నిమిషములు చాలును. మీ ఇంటిలోని పాత చిత్రములలో ఉన్నవారెవరో మీ తాతలను, అమ్మమ్మలను ఇప్పుడే అడిగి వ్రాసియుంచుడు. గుర్తుపట్టగలవారు ఉండగనే చేయవలసిన పని ఇది.