చిలగడదుంప: లోపలి రంగు

సంతలో ఎర్రని తోలు చూచి చిలగడదుంప కొంటాము. (రాయలసీమవారు దీనినే గెనుసుగడ్డ అంటారు.) కోసి చూస్తే చాలవరకు లోపల తెలుపే. తెల్లని కండలో పిండిపదార్థము దండిగా ఉంటుంది గాని, శరీరము ‘ఎ’ విటమినుగా మార్చుకొనే బీటా కెరోటిను దాదాపు ఉండదు. ఆ విటమిను కొరవడితే పసిబిడ్డలకు రేచీకటి వస్తుంది. తిరువనంతపురములోని కేంద్ర దుంపపంటల పరిశోధన సంస్థవారి ‘భూ సోన’ రకము కండ నారింజరంగు. 100 గ్రాములలో సుమారు 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిను ఉంటుంది.

మరి నేల, ఎరువుల మాట? నత్రజని మితిమీరితే తీగ ఏపుగా పెరిగి దుంప ఊరదు. పొటాషు దుంప ఊరడానికి తోడ్పడుతుంది. నారింజ రకములోనైనా పొలమును బట్టి కెరోటినులో హెచ్చుతగ్గులుంటాయి. కాని ఎంత ఎరువు వేసినా తెల్లదుంప నారింజదుంప కాదు. తీగముక్కలు నాటే పంట కనుక, తల్లితీగ రకమే పొలమంతా వస్తుంది.