పిల్లల ఎదుట రచయిత

బాలసాహిత్య రచయిత తన పుస్తకాన్ని చేతబట్టుకొని పాఠశాలలకు వెళ్లడం నేడు అనేక దేశాలలో పరిపాటి. ప్రధానోపాధ్యాయుడు పరిచయవాక్యాలు పలుకుతాడు. రచయిత కథ చదువుతాడు. ప్రతులపై సంతకాలు చేస్తాడు. ప్రకాశకులకిది పుస్తకప్రచారం. అయితే ఇందులో అంతకు మించిన ప్రయోజనమొకటి ఉన్నది. పిల్లల పుస్తకాన్ని వ్రాసేవారు, అచ్చువేసేవారు, కొనేవారు, మెచ్చుకొనేవారు అందరూ పెద్దవారే. అసలు పాఠకుని తీర్పు రచయిత చెవిని పడే తావు ఆ తరగతిగది ఒక్కటే. రష్యన్ రచయిత కొర్నేయ్ చుకోవ్‌స్కీ (1882–1969) జీవితం ఇందుకు నిదర్శనం.

చుకోవ్‌స్కీ ప్రధానంగా విమర్శకుడు, అనువాదకుడు. వాల్ట్ విట్మన్ కవితలను రష్యన్‌లోకి తెచ్చాడు. నెక్రాసోవ్ కవిత్వంపై సాగించిన పరిశోధనకు 1962లో లెనిన్ బహుమానం పొందాడు. అంతటి పండితుడు శిశువిహారాలకూ, పాఠశాలలకూ, వైద్యశాలలకూ వెళ్లి పిల్లలకు కథలు చదివి వినిపించేవాడు. వారి మాటలను శ్రద్ధగా వ్రాసుకొనేవాడు. ‘రెండు నుండి అయిదు వరకు’ అనే పేరుతో ప్రసిద్ధమైన గ్రంథం ఆ పరిశీలన ఫలమే. పిల్లల పద్యంలో ప్రతి చరణమూ ఒక చిత్రాన్ని కళ్లకు కట్టాలనీ, ఆ చిత్రాలు వేగంగా మారాలనీ, విశేషణాలు తగ్గి క్రియలు హెచ్చాలనీ ఆయన నిర్ణయించాడు. ఇవి అలంకారశాస్త్రం చదివి చేసిన సూత్రాలు కావు. పిల్లలను విని గ్రహించినవి.

1929లో క్రిమియాలోని అలూప్కాలో జరిగిన సంఘటనను ఆయనే వర్ణించాడు. జబ్బుపడిన పిల్లలు ఎండవేడిమికి తాళలేక గోలచేస్తున్నారు. దగ్గరున్న స్త్రీ వారిని ఊరడించలేకపోతున్నది. చుకోవ్‌స్కీ మున్‌హౌజెన్ ప్రభువు గొప్పల కథలు విప్పి చదవసాగాడు. రెండు నిమిషాలలో పిల్లలు పగలబడి నవ్వారు. ఇంతలో బాలశాస్త్ర నిపుణుడొకడు పరుగున వచ్చి, ఇటువంటి అబద్ధాలు పిల్లలకు చెప్పరాదని పుస్తకం లాక్కొనిపోయాడు. పిల్లలు ఏడుపు లంకించుకొన్నారు.

చుకోవ్‌స్కీ ఇచ్చిన సమాధానం బాలసాహిత్య విమర్శకు మూలస్తంభం వంటిది. కుక్క మ్యావుమన్నదని చెబితే నవ్వేది, అది మొరుగుతుందని ఎరిగిన పిల్లవాడే. ఎరుగనివానికి అందులో నవ్వేమున్నది? అసంబద్ధత యథార్థజ్ఞానాన్ని చెరపదు, స్థిరపరుస్తుంది. ఏడుచేపల కథలో ఎండని చేప తన తప్పును గడ్డిమోపుపైకి నెట్టినప్పుడు మురిసిపోయే తెలుగుబిడ్డ, చేపలు మాట్లాడతాయని నమ్మి మురిసిపోవడం లేదు.

ఈ సత్యానికి ఆయన చెల్లించిన మూల్యం స్వల్పం కాదు. 1928లోనే లెనిన్ సతీమణి క్రూప్‌స్కయా ఆయన ‘మొసలి’ కథాకావ్యాన్ని ‘ప్రావ్దా’ పత్రికలో తీవ్రంగా ఖండించింది. ఒత్తిడికి లోనై 1929 చివర ఆయన తన కథలను తానే నిరాకరిస్తూ బహిరంగలేఖ ప్రకటించవలసి వచ్చింది. 1931 నవంబరులో, ఆయన పద్యాలెన్నింటికో తొలి శ్రోత అయిన పదకొండేళ్ల కూతురు మూరా, క్షయవ్యాధితో అదే అలూప్కాలో కన్నుమూసింది.

అయినా ఆయన పిల్లలకు దూరం కాలేదు. మాస్కో సమీపాన పెరెడెల్కినోలో వేసవి రాకకూ పోకకూ నెగడు వేయించి, చుట్టుపట్ల పిల్లలను పిలిచేవాడు. ప్రవేశరుసుము పది దేవదారుకాయలు! 1957లో అక్కడే వారికొక గ్రంథాలయం నెలకొల్పాడు. పెద్దల కోర్టులో ఓడిన కథలు పిల్లల కోర్టులో గెలిచాయి.

తెలుగునాట ‘రేడియో అన్నయ్య’ న్యాయపతి రాఘవరావు పిల్లలను కేవలం శ్రోతలుగా కూర్చోబెట్టక, వారిచేతనే పలికించి, పాడించాడు. ఆయన 1945లో ప్రారంభించిన ‘బాల’ పత్రిక వెనుక ఆ సాన్నిహిత్యం ఉన్నది. పాఠశాలకు వెళ్లే రచయిత ఎన్ని ప్రతులు అమ్ముడుపోయాయని లెక్కించుకోవచ్చు, తప్పులేదు. కాని ఏ వాక్యం వద్ద పిల్లల చూపు కిటికీవైపు మళ్లిందో గమనించి, ఇంటికి వచ్చి ఆ వాక్యాన్ని కొట్టివేసినప్పుడే ఆ ప్రయాణం సార్థకమవుతుంది.