ఎదురెదురు పేజీలు

మన రాష్ట్రంలో గవర్నమెంట్ హైస్కూల్ సైన్స్ పుస్తకం ఎప్పుడైనా తెరిచి చూశారా? ఒక పేజీలో పాఠం ఇంగ్లీషులో ఉంటుంది, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. ఈ ద్విభాషా పుస్తకాలు 2020-21 నుంచి ఒక్కో తరగతికీ వస్తూ వచ్చాయి. ఇంగ్లీషు మీడియంలోకి మారిన పిల్లలకు పాఠం చేజారిపోకూడదని ఈ ఏర్పాటు.

నేను రేణిగుంటలో ఇంగ్లీషు మీడియంలోనే చదివాను. ఫోటోసింథసిస్ డెఫినిషన్ గడగడా ఒప్పజెప్పేదాన్ని. 'కిరణజన్య సంయోగక్రియ'ని విడదీసి చూసింది మాత్రం పక్కింటి తమ్ముడి పుస్తకంలోనే. కిరణాల వల్ల జరిగే కలయిక! పేరులోనే సగం పాఠం ఉంది. కానీ వాడేమన్నాడో తెలుసా? "అక్కా, ఈ తెలుగు ఇంగ్లీషు కన్నా కష్టంగా ఉండాదే!"

అసలు విషయం అదే. మెషీన్ ట్రాన్స్‌లేషన్‌కి కూడా ఇలా జతపరిచిన వాక్యాలే ఇస్తాం. మోడల్ లక్షల జతలు చూసి నేర్చుకుంటుంది. పిల్లాడికి ఆ మాట విడదీసి చెప్పే మనిషి కావాలి. పుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్షాలో వీడియో వస్తుంది, నిజమే. ఆ ఫోన్ నాన్నతో పాటు పనికి వెళ్ళిపోతే?

నైజీరియాలో 1970లో మొదలైన ఇఫే ప్రాజెక్టులో ప్రాథమిక బడి ఆరేళ్ళూ యొరుబాలోనే పాఠాలు చెప్పారు, ఇంగ్లీషును ఒక సబ్జెక్టుగా నేర్పారు. ఆ పిల్లలు ఇంగ్లీషులో వెనకబడలేదు. అర్థమైన పాఠం ఏ భాషలోకైనా వెళ్తుంది.

సెలవుల్లో ఊరెళ్తే మీ వీధిలో ఒక పిల్లాడితో కూర్చోండి. రెండు పేజీలూ కలిసి చదవండి.