చెరువు చేపకు కష్టకాలపు మేత

పూర్వపు విశాఖపట్నం జిల్లాకు చెంది, 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలో భాగమైన చోడవరం ప్రాంతం చెరకుసీమగా ప్రసిద్ధి పొందింది. గోవాడ చక్కెర కర్మాగారం పేరు వినని రైతు అక్కడ అరుదు. వానలకు నిండిన ఊరిచెరువులలో చేపపిల్లలను వదలడం ఉత్తరాంధ్ర గ్రామాలలో పరిపాటి. శ్రావణంలో నిండుకుండలా ఉన్న చెరువు వేసవి నాటికి మడుగుగా కుంచించుకుపోతుంది. చేపలు పెరుగుతూ ఉంటాయి; నీరు తరుగుతూ ఉంటుంది. ఇరుకు, వేడిమి, ప్రాణవాయువు కొరత ఒక్కసారిగా చేపను చుట్టుముడతాయి. దీనినే శాస్త్రజ్ఞులు పర్యావరణ ఒత్తిడి అంటారు.

పగటిపూట నీటిలోని సూక్ష్మ వృక్షాలు కిరణజన్య సంయోగక్రియ వలన ప్రాణవాయువును విడుదల చేస్తాయి. రాత్రివేళ అవి కూడా దానిని వినియోగించుకుంటాయి. అందుచేత తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అత్యల్పంగా ఉంటుంది. లీటరు నీటికి 5 మిల్లీగ్రాములు ఉంటే చేపకు క్షేమం. అంతకు బాగా తగ్గినప్పుడు చేపలు పైకి తేలి, నోళ్లు తెరచి ఆరాటపడతాయి. ఏడాది పొడవునా పడిన శ్రమ ఒక్క రాత్రిలో నీటిపాలయ్యేది ఆ వేళలోనే.

చావు తప్పిన చేపకు కూడా నష్టం తప్పదు. మెదడు నుండి వెలువడిన సంకేతం వలన, మూత్రపిండపు ముందుభాగంలోని కణజాలం కార్టిసాల్ అనే హార్మోనును స్రవిస్తుంది. రక్తంలో గ్లూకోజు పెరిగి తక్షణ శక్తి లభిస్తుంది. క్షణకాలపు ఆపదకు ఇది మంచి కవచమే. కాని ఒత్తిడి రోజుల తరబడి కొనసాగితే కండరాలలోని మాంసకృత్తులే కరిగి ఖర్చవుతాయి. వ్యాధినిరోధక శక్తి సన్నగిల్లుతుంది. తిన్న మేత ఒంటబట్టదు.

ఇక్కడే మేతలోని అమైనో ఆమ్లాల ప్రసక్తి వస్తుంది. మాంసకృత్తులు 20 రకాల అమైనో ఆమ్లాల కూర్పు. వాటిలో పదింటిని చేప స్వయంగా తయారు చేసుకోలేదు. మేత ద్వారానే పొందాలి. అచ్చుకూర్చేవాని వద్ద అన్ని అక్షరాలూ గంపలకొద్దీ ఉండి, ‘ర’ అక్షరాలు మాత్రం నాలుగే ఉన్నాయనుకుందాం. అతడు ‘చెరువు’ అనే మాటను నాలుగు మార్లకు మించి కూర్చలేడు. మిగిలిన అక్షరాలు ఎన్ని ఉన్నా వృథాయే.

కొల్లేటి పరిసరాలలో, గోదావరి, కృష్ణా డెల్టాలలో రోహు, బొచ్చె చేపలను పెంచే రైతులు నూనె తీసిన తవుడును, వేరుసెనగ చెక్కను, పత్తిగింజల చెక్కను రంధ్రాలున్న సంచులలో నింపి, చెరువులో పాతిన వెదురుబొంగులకు వ్రేలాడగడతారు. చేపలు ఆ రంధ్రాల వద్దకు చేరి మేతను లాగుకొని తింటాయి. చౌకైన, తెలివైన పద్ధతి! అయితే ఈ మేతలో కొరవడే ‘అక్షరం’ లైసిన్. కార్పు చేపపిల్ల మేతలోని మాంసకృత్తులలో లైసిన్ సుమారు 5.7 శాతం ఉండాలి. వేరుసెనగ మాంసకృత్తులలో అది 3.5 శాతం ప్రాంతంలోనే ఉంటుంది. మెథియోనిన్ కూడా తక్కువే. ఆ లోటును విడిగా కలిపిన లైసిన్, మెథియోనిన్ తీరుస్తాయి.

ట్రిప్టోఫాన్ పని కొంత భిన్నమైనది. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం దీని నుండే తయారవుతుంది. ముంబయిలోని కేంద్రీయ మత్స్య విద్యా సంస్థ శాస్త్రజ్ఞులు ఇరుకులో పెంచిన మృగాల చేపపిల్లలకు ట్రిప్టోఫాన్ కలిపిన మేతను ఇచ్చి చూశారు. ఆ పిల్లలలో ఒత్తిడి తగ్గి, పెరుగుదల మెరుగుపడినట్లు వారు 2009లో ప్రకటించారు.

చెరకుసీమకు ఈ కథతో మరొక బంధం ఉంది. లైసిన్‌ను నేడు చక్కెర, మొలాసిస్ వంటి తీపి పదార్థాలపై సూక్ష్మజీవులను పెంచి తయారు చేస్తారు. ఆ జాతి సూక్ష్మజీవిని జపాన్ శాస్త్రజ్ఞులు 1950వ దశకంలో గుర్తించారు. బెల్లపు రుచి ఎరిగిన రైతుకు చేపమేతలోని పొడి కూడా తీపి నుండే పుట్టవచ్చునన్న సంగతి వింతగా తోచవచ్చు.

అయితే ఈ పొడిని వాడడంలో మెలకువ అవసరం. అది నీటిలో సులభంగా కరుగుతుంది. సంచిలోని తవుడులో ఊరకే కలిపితే చాలా భాగం చేప నోటికి అందక చెరువులోనే కలిసిపోతుంది. గుళికలుగా చేసిన మేతలో ఈ నష్టం తక్కువ. పైగా కార్పు చేపలకు జీర్ణాశయం ఉండదు. విడి అమైనో ఆమ్లాలు ప్రేగులలో త్వరగా ఇంకిపోతాయి. చెక్కలోని మాంసకృత్తులు జీర్ణమై వచ్చేసరికి అవి ఖర్చయిపోతాయి. కనుక మేతను కొద్దికొద్దిగా పలుమార్లు ఇవ్వడం మేలు.

అన్నిటికంటె పెద్ద చిక్కు మరొకటి ఉంది. శరీరం వాడుకోలేక మిగిలిన అమైనో ఆమ్లాలలోని నత్రజని అమ్మోనియాగా మారి, మొప్పల ద్వారా నీటిలోకి వస్తుంది. నీరు వేడెక్కినకొద్దీ, క్షారగుణం పెరిగినకొద్దీ అమ్మోనియా విషప్రభావం హెచ్చుతుంది. ఒత్తిడికి విరుగుడుగా వేసిన మేతే, అతిగా వేస్తే ఒత్తిడికి కారణమవుతుందన్నమాట. అందుకే చేపలు నీటిపైకి తేలిన ఉదయం అనుభవజ్ఞుడైన రైతు మేత జోలికి పోడు. ముందుగా పంపు వేసి క్రొత్త నీరు పెడతాడు. ఉన్నచోట గాలి చక్రాలను త్రిప్పిస్తాడు. ఎంత ఖరీదైన మేత అయినా ఆ పూట గట్టుమీదనే ఉండిపోతుంది.