రంపెకు తమ్ముడు: తోలు అంచు తీసే పనిముట్టు, దాని పదును

తోలు పని చేసే ఇళ్ళ నుంచి వచ్చిన తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ రంపె, ఆరె, గూటం అనే మాటలు కొత్త కావు. రంపె తోలు కోసే కత్తి. ఆరె కుట్టు కోసం బెజ్జం పొడిచేది. గూటం కొట్టేది. అయితే కాలేజీకి వెళ్ళాక ఈ మాటలు పైకి అనడానికి మనలో చాలామందిమి జంకుతాం. నాన్న సంచిలో ఏముందని ఎవరైనా అడిగితే మాట మార్చేస్తాం. కంచ ఐలయ్య గారు 2007లో పిల్లల కోసం ఇంగ్లీషులో రాసిన 'టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది ల్యాండ్' పుస్తకంలో తోలు పనివాళ్ళకు ఒక అధ్యాయం కేటాయించారు. దొరికితే చదవండి. నేనిక్కడ చెప్పేది ఒక్క చిన్న పనిముట్టు గురించి.

బెల్టు గానీ బ్యాగు పట్టీ గానీ కోసినప్పుడు దాని అంచు పలకగా, మూల తేలి ఉంటుంది. అలాగే వదిలేస్తే చేతికి గీసుకుంటుంది, కొద్ది రోజుల్లో పీచు లేస్తుంది. ఆ మూలను సన్నగా చెక్కి గుండ్రం చేయాలి. మేడ్చల్‌లో రోడ్డు పక్కన గొడుగు కింద కూర్చునే మా పెద్దబాపు లాంటి వాళ్ళు ఈ పని రంపెతోనే చేస్తారు. తరువాత గాజు పెంకుతో గీకి, మైనం రుద్ది నున్న చేస్తారు. చేయి తిరిగిన వాళ్ళకే అది సాధ్యం. కొత్తగా నేర్చుకునే వాళ్ళ కోసం ఉన్నదే ఎడ్జ్ బెవెలర్. చూడటానికి చిన్న ఉలిలా ఉంటుంది. కొస రెండు కాళ్ళుగా చీలి ఉంటుంది, ఆ కాళ్ళ మధ్య అడుగు వైపున ఒక గాడి. పదునంతా ఆ గాడి మూతి దగ్గరే. తోలు అంచు మీద ఆనించి ముందుకు నెడితే మూల ఒక దారం పోగులా లేచి వస్తుంది.

మా చిన్నాయన కొడుకులిద్దరు శామీర్‌పేట వైపు కాలేజీ పిల్లలకు బెల్టులు, పర్సులు చేసి అమ్ముతున్నారు. కొన్న కొన్ని నెలలకే వాళ్ళ బెవెలర్ మొద్దుబారింది. అంచులు చిరిగినట్టు వచ్చేసరికి బెల్టులు వెనక్కి వచ్చాయి. రంపె నూరినట్టు రాయి మీద పెట్టి నూరారు, అయినా తెగలేదు. కొత్తది కొందామని డబ్బులు లెక్క పెట్టుకుంటుంటే పెద్దబాపు దాన్ని చేతిలోకి తీసుకుని, వెలుగుకు పట్టి చూసి, "ఇది రంపెకు తమ్ముడే బిడ్డా, కాకపోతే దీన్ని కడుపుల నూరాలె" అన్నాడు. ఆయన అంతకు ముందు ఆ పనిముట్టును చూసి ఎరగడు.

విషయమంతా ఆ మాటలోనే ఉంది. రెండు తలాలు కలిసే చోటే పదును పుడుతుంది. రంపెకు ఆ రెండు తలాలూ బయటికే కనిపిస్తాయి. బెవెలర్‌కు ఒకటి పైన ఉంటుంది, రెండోది గాడి లోపల. పై తలాన్ని ఎంత నూరినా లోపలి తలం మురికి పట్టి గరుకుగానే ఉంటే తెగదు. పైగా ఎక్కువ నూరితే ఇనుము పలచబడి కొస విరుగుతుంది.

లోపల నూరడానికి రాయి పట్టదు కదా. అందుకే 1000 నంబరు వాటర్ పేపర్‌ను సన్నగా చీల్చి తీసుకోవాలి. గాడి పలకగా ఉంటే విజిటింగ్ కార్డు అంచు మీద, గుండ్రంగా ఉంటే ఆ మందం తీగ మీద దాన్ని మడిచి బిగించాలి. గాడిని దాని మీద పెట్టి ఎప్పుడూ వెనక్కే లాగాలి. ముందుకు నెడితే కొస కాగితంలోకి దిగి, పదును పోతుంది. పది పదిహేను సార్లు లాగాక పై వైపు గోరుతో మెల్లగా తడిమితే సన్నని గరుకు తగులుతుంది. ఐటీఐలో ఫిట్టర్ చదివిన వాళ్ళు దీన్ని బర్ అంటారు. అది తగిలిందంటే లోపలి పని అయిపోయినట్టే. పై తలాన్ని వాటర్ పేపర్ మీద ఆనించి నాలుగైదు సార్లు మాత్రం వెనక్కి లాగితే బర్ పోతుంది. చివరగా తోలు ముక్క మీద తీడాలి. మంగలి కత్తిని తోలుపట్టా మీద తీడటం చూసే ఉంటారు, అదే పద్ధతి. గాడి లోపలికి మాత్రం స్టీలుకు మెరుగు పెట్టే పాలిష్ పూసిన గట్టి దారం కావాలి. దాన్ని రెండు మేకులకు బిగించి కట్టి, దాని మీద లాగాలి. పని మధ్యలో రోజుకోసారి ఇలా తీడుకుంటే వాటర్ పేపర్ అవసరం అరుదుగానే పడుతుంది.

పదును వచ్చిందో లేదో తోలే చెబుతుంది. పోగు తెగకుండా పొడుగ్గా లేస్తే వచ్చినట్టు, ముక్కలు ముక్కలుగా రాలితే రానట్టు. కానీ ఏ తోలు మీద చూస్తున్నారన్నది ముఖ్యం. తంగేడు చెక్క, కరక్కాయ వేసి లందలో ఊరబెట్టిన తోలు బిర్రుగా ఉంటుంది, దాని మీద పోగు చక్కగా లేస్తుంది. క్రోమ్ తోలు మెత్తగా సాగుతుంది. ఈ క్రోమ్ పద్ధతిని 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ ప్రయత్నించి చూశాడు. ఇప్పుడు బజారులో ఎక్కువగా దొరికేది ఈ రకమే. మెత్తటి క్రోమ్ తోలు మీద మంచి పదునున్న బెవెలర్ కూడా జారుతుంది. ఆ తప్పు పనిముట్టుది కాదు.

పని అయ్యాక పొడి గుడ్డతో తుడిచి ఒక చుక్క కుట్టుమిషను నూనె రాయండి. తోలు ఒరలో పెట్టి నెలల తరబడి వదిలేయకండి, తోలులోని తేమకూ పులుపుకూ ఇనుము తుప్పు పడుతుంది. ఆరెతో కలిపి ఒకే డబ్బాలో వేసినా కొస దెబ్బతింటుంది, కొసకు చిన్న రబ్బరు గొట్టం తొడిగితే చాలు. వాటర్ పేపర్ కోసం పెద్ద ఖర్చేమీ లేదు. మేడ్చల్ హైవే పక్కన కార్లకు రంగులు వేసే షెడ్లలో అడిగితే వాడేసిన ముక్కలు ఊరికే ఇస్తారు. అరిగిన ముక్క ఇంకా సన్నగా నూరుతుంది కాబట్టి చివరి రెండు మూడు లాగుళ్ళకు అదే మేలు.