పెరటి కోడికి అడవి బుద్ధి

పినపాక (మన విలేఖరి): పొద్దు వాలితే పినపాక పల్లెల్లో నాటుకోళ్ళు చూరు మీదికో, చింతకొమ్మ మీదికో ఎగురుతాయి. కింద గంప తెరిచి పెట్టినా ఒక పట్టాన లోనికి రావు. ఇది మొండితనం కాదు. తాతల నాటి అలవాటు.

ఎర్ర అడవికోడే ఊరకోళ్ళకు మూలమని చార్లెస్ డార్విన్ 1868లోనే రాశారు. 2020లో జన్యు పరిశోధన కూడా ఆ మాటే చెప్పింది. కాళ్ళకు పసుపు రంగునిచ్చే జన్యువు మాత్రం మన దక్షిణాది బూడిదరంగు అడవికోడిదని 2008లో తేలింది. ఈ రెండు జాతులకూ సరిహద్దు గోదావరి పరిసరాలే కావడం విశేషం.

అడవికోడి రాత్రి చెట్టెక్కి పడుకుంటుంది. పొదమాటున గుడ్లు పెడుతుంది. మన పెట్ట కూడా గడ్డివామి సందున గుడ్లు దాచి, 21 రోజులు పొదిగి, పిల్లలతో ప్రత్యక్షమవుతుంది. పైన గద్ద కనబడితే పుంజు ఒక తీరుగా అరుస్తుంది, నేల మీద పిల్లి కనబడితే మరో తీరుగా. మొదటి కేకకు కోళ్ళు పొదల్లో దూరతాయి, రెండోదానికి మెడలెత్తి చూస్తాయి.

గుడ్ల కోసమే తరతరాలుగా ఎంపిక చేసిన తెల్ల లెగ్‌హారన్ కోళ్ళలో పొదిగే బుద్ధి దాదాపు పోయింది. హైదరాబాద్‌లో పెరటి పెంపకానికి రూపొందించిన వనరాజా కూడా సాధారణంగా పొదగదు. పిల్లలు కావాలంటే మళ్ళీ కొనాల్సిందే.

కొత్త రకాలు పెంచుకున్నా, ఇంటికి రెండు పొదిగే నాటుపెట్టలను మిగుల్చుకోవడం రైతుకు మేలు. ఆ బుద్ధి ఒకసారి పోతే ఏ సంతలోనూ దొరకదు.